ఫోర్డు కారు వెనకటి సంగతి

వికారాబాద్ స్టేషన్‌లో దిగి కొండమీది ఆస్పత్రికి పోయే సడక్ పట్టుకుంటే, బస్సులు ఆగే చోటు దాటగానే ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. వలీ మిస్త్రీ షెడ్డు అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. మోటార్లు తక్కువగా ఉన్న ఆ రోజుల్లో, తాండూరు మొదలు పరిగి దాకా ఎవరు పాత బండి కొనాలన్నా ముందు వలీని వెంటబెట్టుకుని పోయేవాళ్లు.

మిగతా మిస్త్రీలు బానెట్ ఎత్తి, ఇంజను చప్పుడు విని, నాలుగు చక్రాలూ కాలితో తన్ని, బాగుంది అనో బాగలేదు అనో చెప్పేవాళ్లు. వలీ అంతటితో ఆగేవాడు కాదు. ఈ బండి ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది, ఎవరు నడిపారు, ఎక్కడ చెడింది, ఎవరి చేత బాగు చేయించారు, ఇవన్నీ కావాలి అతనికి. అమ్మేవాడి మాట నమ్మడు. పాత డ్రైవరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి రైలెక్కి పోతాడు.

"రంగేస్తె రేకు కొత్తగైతది. తైలం మారిస్తె చప్పుడు తగ్గుతది. నడిపినోన్ని అడిగితేనే అసలు ముచ్చట ఎల్తది" అనేవాడు.

అతనికి పెళ్లి కాలేదు. షెడ్డు వెనక రెండు గదుల ఇంట్లో తల్లి వజీరాబీ, అన్న భార్య మహబూబ్‌బీ, అతను, ముగ్గురే. వదినెకు భర్త ఉన్నట్టో లేనట్టో తెలియని ఇల్లు అది. అలాంటి ఇంటికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు.

వాళ్లది తాండూరు. తండ్రి బండల గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని తొందరగానే పోయాడు. పెద్దవాడు ముర్తుజా ఒక జాగీర్దారు దగ్గర ఫోర్డు కారు నడిపేవాడు. తెల్లని జుబ్బా తొడుక్కుని, నల్లగా మెరిసే ఆ కారులో అతను బజారు గుండా పోతుంటే తల్లి గుమ్మంలో నిలబడి చూసేది. చిన్నవాడు వలీ వికారాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునేవాడు. 

నలభై ఎనిమిది సెప్టెంబరులో, పోలీసు యాక్షన్‌తో నిజాం రాజ్యం పడిపోయాక, జాగీర్దారు కుటుంబం ఉన్నపళాన హైదరాబాద్ రైలెక్కి పోయింది. వాళ్లను వికారాబాద్ స్టేషన్‌కు తీసుకుపోయినవాడు ముర్తుజానే. అతను ప్లాట్‌ఫారం మీద పెట్టెలు మోస్తూ కనిపించాడని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆ తరవాత మనిషి లేడు, కారూ లేదు. కొన్నాళ్లకు జాగీర్దారు కుటుంబం కరాచీ చేరిందని ఖబరు వచ్చింది. డ్రైవరు కూడా వాళ్ల వెంటే పోయి ఉంటాడని అంతా అనుకున్నారు. అట్లా పోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

వజీరాబీ ఆ మాట పట్టుకుంది. "నా పెద్దోడు కరాచీల ఉన్నడు. పెద్దోళ్ల కొలువు గద, తీరిక దొరకదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఒక్కతే ఉన్నప్పుడు మాత్రం, కన్నతల్లిని అల్లరి మూకల మధ్య వదిలేసి పోయిన కొడుకని శాపనార్థాలు పెట్టేది. మహబూబ్‌బీ ఏమీ అనేది కాదు. పెళ్లయి ఏడాది నిండకుండా మొగుడు వదిలేసిన ఆడదన్న పేరు మోస్తూ, ఇరుగుపొరుగు వాళ్ల రవికెలు కుట్టుకుంటూ బతికింది. భర్త పేరు ఎత్తడం మానేసింది.

వలీ షెడ్డు పెట్టుకుని ఇద్దరినీ తాండూరు నుంచి వికారాబాద్‌కు తెచ్చుకున్నాడు. అట్లా పదేళ్లు గడిచాయి.

యాభై ఎనిమిదిలో, కందులు బజారుకొచ్చే కాలంలో, తాండూరు నుంచి బాలప్ప కబురు పంపాడు. కందుల వ్యాపారి. స్టేషన్‌లో దిగే బేరగాళ్లను ఊళ్లకు తిప్పడానికి ఒక టాక్సీ పెట్టాలని అతని ఆలోచన. బండల కంట్రాక్టరు ఒకాయన దగ్గర పాత ఫోర్డు అమ్మకానికి ఉందట, వచ్చి చూడమన్నాడు.

కారు కంట్రాక్టరు దొడ్లో, నాపరాళ్ల దొంతర పక్కన నిలబెట్టి ఉంది. ఆకుపచ్చ రంగు వేశారు. వెనక సీటుకు అవతలి భాగం కోసేసి, సామాన్లు పెట్టుకోవడానికి చెక్కల తొట్టి బిగించారు. వలీ ఇంజను విన్నాడు, స్టీరింగు తిప్పి చూశాడు. తరవాత గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా కిందికి దూరాడు.

ఎడమవైపు వెనక చక్రం దగ్గర, కుదుపులు ఆపే కమాను పట్టీలను ఛాసీకి పట్టి ఉంచే చోట ఒక ఇనుప అతుకు కనిపించింది. ఎద్దుల బండి చక్రానికి వేసే పట్టాలోంచి కోసిన ముక్క అది. దాని రివెట్లలో ఒకటి వంకరగా కూర్చుంది.

వలీ చెయ్యి చాపి ఆ వంకర రివెట్టును తడిమాడు. మట్టీ గ్రీజూ కలిసి పెచ్చుకట్టి ఉంటే గోటితో గీకాడు. అది అతను కొట్టిన రివెట్టే. యాక్షన్‌కు ముందటేడు ముర్తుజా కారు తెచ్చి, ఉస్తాద్ లేడని తెలిసి, "నువ్వే కొట్టురా, నేర్చుకుంటవు" అని తమ్ముడి చేతిలో సుత్తె పెట్టాడు. సాయంత్రం ఉస్తాద్ వచ్చి ఆ వంకర చూసి వలీ చెంప పగలగొట్టాడు. ముర్తుజా మాత్రం నవ్వి, అట్లనే ఉండనియ్యి అన్నాడు.

అతను ఎంతకూ బయటికి రాకపోయేసరికి బాలప్ప వంగి చూశాడు.

"ఏమాయె మిస్త్రీ? ఇరిగిందా ఏమన్న?"

"ఏం ఇరగలే."

బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ కంట్రాక్టరును అడిగాడు. "గీ బండి ఎవరి దగ్గర కొన్నరు?"

"సేడంల నూనె మిల్లు సేటు దగ్గర. ఒక్క చేతి మీద నడిచిన బండి. కాయితాలన్ని సాఫ్ ఉన్నయి."

"సేటు ఎవరి దగ్గర కొన్నడు?"

కంట్రాక్టరుకు విసుగొచ్చింది. "బండి కొంటున్నవా, పిల్లను చేసుకుంటున్నవా? తాతముత్తాతల సంగతి దేనికి?"

వలీ బాలప్ప వైపు తిరిగాడు. "ఇయ్యాల ఏం చెప్పలేను సేటు. సేడం పోయొస్త. గప్పటిదాంక బయానా ఇయ్యకు."

సేడం రైలులో అతను కిటికీ పక్కన కూర్చున్నాడు గానీ బయట ఏముందో చూడలేదు. కారు దొరికింది. కారు కరాచీ పోలేదు. మరి మనిషి? అమ్మేసి పోయాడేమో. స్టేషన్ దగ్గరే ఎవరికో అప్పజెప్పి పోయాడేమో. పోయేముందు కారు అమ్ముకున్న మనిషి ఆ డబ్బులో తల్లికి ఒక్క రూపాయి పంపలేదే అని కోపం వచ్చింది. ఆ కోపమే అతనికి కాస్త నెమ్మదినిచ్చింది కూడా.

మిల్లు సేటు డ్రైవరు ఏసుదాసుది వికారాబాదే. మిషన్ బడిలో చదువుకుని, కన్నడం మాట్లాడే ఊళ్లో స్థిరపడ్డాడు. సొంతూరి మనిషి వచ్చాడని సంతోషంగా చాయ్ తెప్పించాడు.

"గా ఫోర్డా? ఎనిమిదేండ్లు నడిపిన. ఇంజను మంచిది. కాకపోతే నేను తోలుకొచ్చిన నాడు దాని అవతారం చూడాలె. ధారూర్ దగ్గర ఎంకయ్య అని ఒక రైతు, ఆయన కొట్టంల గడ్డి కింద కప్పిపెట్టిండ్రు. కోళ్లు గుడ్లు పెట్టినయి లోపట. ఇంజన్ల ఇసుక, ఒండ్రు. ఇప్పి కడిగేసరికి నా చేతులు పోయినయి."

"వాగుల పడ్డదా?"

"పడే ఉంటది. నేను అడగలే, వాళ్లు చెప్పలే." ఏసుదాసు చాయ్ గిన్నె కింద పెట్టాడు. "ఇంకో ముచ్చట వలీ. వెనక సీటు పాతదే, ఎలుకలు కొట్టి ఉండె. ముంగటి సీటు మాత్రం పీకేసిండ్రు. సీటు లేదు, దాని కింది చెక్క లేదు. నేను గోనెసంచుల మీద కూసోని తోలుకొచ్చిన. ముంగటి సీటు ఒక్కటే ఎవడు తీస్తడు, ఎందుకు తీస్తడు అని అప్పుడే అనుకున్న."

వలీ చాయ్ తాగలేదు. అతనికి ఆ తరవాత ఏసుదాసు చెప్పినవేవీ సరిగా వినబడలేదు.

ధారూర్ స్టేషన్‌కు అవతల, వాగుకు దగ్గరలో ఎంకయ్య ఇల్లు. వలీ పోయేసరికి ముసలాయన వాకిట్లో కందికట్టె మోపులు కడుతున్నాడు. భార్య హన్మమ్మ పక్కన కూర్చుని కందులు చెరుగుతోంది.

"పెద్దయ్యా, సేడం మిల్లు సేటుకు మోటారు అమ్మింది మీరేనా?"

ఎంకయ్య చేతులు ఆగాయి. "ఎవరు నువ్వు?"

"మిస్త్రీని. తాండూరుల ఒకాయన గా బండి కొంటనంటున్నడు. వెనక ఎట్లుండెనో అడిగిపోదామని వచ్చిన."

"అమ్మింది పటేలు. పటేలు సచ్చిపోయిండు. నా కొట్టంల ఉండె, గంతే."

"ఇంజన్లకు నీళ్లెట్ల వోయినయి?"

"వాగుల ఇరికింది."

"వాగుల దిగింది ఎవరు?"

ఎంకయ్య మోపుకు ముడి బిగించాడు. చేట కింద పెట్టి హన్మమ్మే అంది. "చెప్పరాదు. పదేండ్ల సంది నిద్రల లేచి కూసుంటవు. కడుపుల పెట్టుకొని ఏం జేస్తవు? అడిగినోనికన్న చెప్పు."

ముసలాయన తాడు పక్కన పెట్టి, మోపు మీదనే కూర్చున్నాడు. వలీ మొహం చూడకుండా, వాగు వైపు చూస్తూ చెప్పాడు.

"యాక్షన్ అయినంక గదే వారం. ముసురు పట్టింది. మోటారు వాగుల దిగి ఆగిపోయింది. నడిపేటోడు ఒక్కడే. మోకాళ్ల లోతు నీళ్లల్ల నడుసుకుంట నా తానకు వచ్చిండు. 'పెద్దయ్యా, జర ఎడ్లు కట్టు. అమ్మ తాండూరుల ఉన్నది, మా ఇంటామె ఉన్నది, వాళ్లను తీస్కపోవాలె' అన్నడు. మల్ల ఏడికి తీస్కపోతవు అంటె, 'ఏడనో ఒకాడ, ముందైతే తీస్కపోవాలె' అన్నడు. నేను ఎడ్లు కట్టిన. గుంజినయి. మోటారు ఒడ్డెక్కేసరికి మంది వచ్చిండ్రు."

"ఎవరు?"

"మంది. మా ఊరోళ్లు, పక్కూరోళ్లు. గా మోటారు అందరికి ఎరుకే. గా ఎండకాలంల జాగీర్దారు మనుషులు గా మోటార్లనే వచ్చి మా ఊరి సత్యమ్మ మొగన్ని గుంజుకపోయిండ్రు. మల్ల రాలే వాడు. పీనుగ సుత దొరకలే. జాగీర్దారు ఏడున్నడని మంది అడిగిండ్రు. రైలెక్కిండని ఇతను చెప్పిండు. దాసిపెడుతున్నవన్నరు. సత్యమ్మ మొగన్ని తీస్కపోయిన నాడు మోటారు నడిపింది గూడ వీడే అని ఎవరో అన్నరు."

"నిజమేనా అది?"

"నిజమే. నేను చూసిన గద. వాన్ని గుంజి వెనక పడేస్తుంటె, ఆమె మోటారు మీద పడి తలకాయ కొట్టుకుంటుంటె, ఇతను చక్రం పట్టుకొని ముంగటికే చూసుకుంట కూసున్నడు. అటు తిరగలే, ఇటు తిరగలే." ఎంకయ్య పక్కన పెట్టిన తాడు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మంది గట్ల అనంగనే మోటారు ఎక్కి పోదామని చూసిండు. మోటారు చాలు కాలే, నీళ్లు వోయినయి గద. సీట్ల కూసున్నోన్ని కూసున్నట్టే కొట్టిండ్రు."

"నువ్వేం జేసినవ్?"

"ఎడ్ల పగ్గం పట్టుకొని నిలవడ్డ. ఇడిస్తె ఎడ్లు బెదురుతయనుకున్న."

హన్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మల్ల అందరు పోయిండ్రు. నేను, పటేలు జీతగాడు కలిసి వాగొడ్డున బొంద తవ్వినం. మోటారు దాసిపెట్టుమన్నడు పటేలు. సీటు కాలవెట్టినం. నీకు బండి సంగతి గావాలె, నేను మనిషి సంగతి చెప్తున్న."

"ఆయన మా అన్న" అన్నాడు వలీ.

ఎంకయ్య అప్పుడు మొదటిసారి అతని మొహం చూశాడు. తరవాత లేచి, కండువా తలకు చుట్టుకుని, "రా, చూపిస్త" అన్నాడు.

వాగు అంచున నిలబడి ముసలాయన చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చూపిన చోట నేల లేదు. నాలుగేళ్ల కింద వచ్చిన వరదకు ఒడ్డు విరిగి కొట్టుకుపోయింది. కింద ఇసుక, సన్నగా పారే నీళ్లు.

"గీడ ఉండె" అన్నాడు ఎంకయ్య.

మర్నాడు వలీ ఇంట్లో ఏమీ చెప్పకుండా తాండూరు పోయాడు. ఒప్పుకున్న పని ఒకటి ఉంది, అది ముందు చేద్దామనుకున్నాడు. ఇంట్లో నోరు తెరవడం కంటే అదే తేలిక. బాలప్ప దుకాణంలో కందుల బస్తాల మధ్య కూర్చుని, ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాడు.

"బండి నీళ్లల్ల మునిగింది, కాని ఇప్పి కడిగిండ్రు. ఇంజను ఇంకా నడుస్తది. వెనక అతుకు ఉన్నది, గట్టిదే. ముంగటి సీటు మార్చింది. గా సీట్ల ఒక మనిషిని చంపిండ్రు, యాక్షన్ యాడాది."

ఎవరిని అని బాలప్ప అడగలేదు. వలీ మొహంలో ఏం కనబడిందో, ఆ మాట అడగకుండా, "అయితే కొనుమంటవా, వద్దంటవా?" అన్నాడు.

"బండి మంచిదే."

బాలప్ప తల అడ్డంగా ఊపాడు. "మా ఇంట్ల ఆడోళ్లకు తెలిస్తె గా బండి నీడ గూడ తొక్కరు. వద్దు తియ్యి." మిస్త్రీ చేతిలో కూలి పెట్టబోతే వలీ తీసుకోలేదు.

ఆ సాయంత్రం తల్లినీ వదినెనూ కూర్చోబెట్టి చెప్పాడు. అన్న కరాచీ పోలేదు, రైలు ఎక్కలేదు, మిమ్మల్ని తీసుకుపోవడానికి కారు తిప్పుకుని తాండూరు వస్తుంటే వాగు దగ్గర మంది చంపేశారు. 

"ఎందుకు చంపిండ్రు?" అని అడిగింది మహబూబ్‌బీ.

"మోటారు చూసి జాగీర్దారు ఉన్నడనుకున్నరు భాబీ."

ఇన్నేళ్లుగా ఏ బండి సంగతీ దాచి చెప్పడం ఎరగని మనిషి, ఆ పూట సగమే చెప్పాడు. సత్యమ్మ మొగుడి మాట ఎత్తలేదు.

వజీరాబీ ఒప్పుకోలేదు. "నీకు పిచ్చి లేసింది. ఎవడో తాగి చెప్పిన మాట పట్టుకొచ్చినవు. నా కొడుకు కరాచీల ఉన్నడు" అని లేచి నమాజుకు పోయింది. ఆమెకు పాషాణం లాంటి కొడుకైనా సరే, బతికి ఉంటే చాలు. పదేళ్లు తిట్టిన తల్లి ఆ రోజు నుంచి ముర్తుజాను తిట్టడం మానేసి పొగడడం మొదలుపెట్టింది. 

మహబూబ్‌బీ నమ్మింది. చేతి గాజులు తీసి గోడ గూట్లో పెట్టింది. మర్నాడు మౌల్వీ సాబ్ దగ్గరికి వలీని పంపింది, మొగుడు పోయిన ఆడది ఇల్లు కదలకుండా గడిపే ఇద్దత్ గడువు ఎట్లా పాటించాలో అడిగి రమ్మని. మౌల్వీ సాబ్ మంచి మనిషి. అంతా విని నిట్టూర్చి, ఇద్దత్ లెక్క మనిషి పోయిన దినం నుంచే గాని తెలిసిన దినం నుంచి కాదని చెప్పాడు. అది ఎప్పుడో పదేళ్ల కిందనే తీరిపోయింది. ఇప్పుడు కూర్చోవలసింది ఏమీ లేదు.

ఆ మాట విని ఆమె చాలాసేపు దారం ఎక్కించని సూది పట్టుకుని కూర్చుంది. ఏడవడానికి కూడా గడువు దాటిపోయిందని అప్పుడే తెలిసినట్టుంది. 

ఒక శుక్రవారం తనను ఆ వాగు దగ్గరికి తీసుకుపొమ్మంది. వలీకి ఇష్టం లేదు గానీ కాదనలేకపోయాడు. ఎంకయ్య ఇంట్లో లేడో, ఉండీ బయటికి రాలేదో తెలియదు. హన్మమ్మే వాళ్ల వెంట ఒడ్డు దాకా వచ్చింది. మహబూబ్‌బీ బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, ఇసుక వైపు తిరిగి ఫాతిహా చదువుకుంది. చదవడం అయ్యాక కూడా అక్కడే కూర్చుంది.

అప్పుడు ఊళ్లోంచి ఒకామె బిందె పట్టుకుని నీళ్లకు వచ్చింది. ఇంచుమించు మహబూబ్‌బీ వయసే. కొత్త మనుషుల్ని చూసి, ఎవరు అని హన్మమ్మను అడిగింది.

"తాండూరోళ్లు సత్యమ్మా. గీమె పెనిమిటి గీ వాగుల సచ్చిపోయిండు, వెనకట" అంది హన్మమ్మ, వలీ వైపు ఒక్క చూపు చూసి.

సత్యమ్మ బిందె దించి మహబూబ్‌బీ పక్కన కూర్చుంది.

"నీకు ఆయన పోయిన జాగ అన్న ఎరుకైంది అక్కా. మా ఆయన ఏడ సచ్చిండో గూడ నాకు తెల్వది" అంది. ఇసుకలో చెలిమ తోడి, ఊరిన నీళ్లు దోసిట్లో పట్టి ఇచ్చింది. మహబూబ్‌బీ ఆ నీళ్లతో మొహం కడుక్కుని, ఆమె చెయ్యి కాసేపు వదలలేదు. హన్మమ్మ తల వంచుకుని నిలబడింది. వలీ వాళ్లవైపు చూడలేక నీళ్లకు అవతల ఉన్న చేలవైపే చూస్తూ ఉండిపోయాడు. 

తిరిగి వస్తుంటే ధారూర్ స్టేషన్ బెంచీ మీద మహబూబ్‌బీ అంది. "పదేండ్లు మనసుల ఆయన్ని తిట్టుకున్న వలీ. ఎన్ని మాటలు అనుకున్ననో. నా కోసం వస్తున్న మనిషిని. ఇప్పుడు మాఫీ ఎవరిని అడగాలె?"

ఆమె నోటి నుంచి ఏళ్ల తరవాత అన్న మంచి వినబడుతోంది. చెప్పవలసిన మిగతా సగం చెప్పకుండానే లేచి, టికెట్లకు పోయాడు.

ఫోర్డు కారు ఆఖరికి వికారాబాద్‌కే వచ్చింది. కొండమీది ఆస్పత్రికి రోగులను చేరవేయడానికి ఒకాయన కొన్నాడు. ఆయనకు దాని సంగతి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. చెడిపోతే తేవడానికి ఉన్న దగ్గరి షెడ్డు వలీదే. తెచ్చిన ప్రతిసారీ అతను బాగు చేసి ఇచ్చేవాడు. బ్రేకులు బిగించేవాడు, తైలం మార్చేవాడు, కిందికి దూరి కమాను పట్టీలు చూసేవాడు. ఒకసారి నడిపి చూడు మిస్త్రీ అంటే మాత్రం, నువ్వే నడుపు, నేను చప్పుడు వింట అనేవాడు. 

పాత బండ్లు చూడడానికి ఇప్పటికీ పిలిచేవాళ్లు. పోయేవాడు. ఇంజను విని, స్టీరింగు తిప్పి, కనబడింది చెప్పి వచ్చేవాడు. పాత డ్రైవర్ల ఊళ్లకు పోవడం మానేశాడు. ఎందుకట్లా అని అడిగినవాళ్లకు, రైలు చార్జీలు దండుగ అని చెప్పేవాడు.

అరవై రెండులో వజీరాబీ పోయింది. కరాచీ ఎంత దూరమని ఆఖరి రోజుల్లో వచ్చినవాళ్లను అడిగేది.

తల్లి పోయాక ఇంట్లో వాళ్లిద్దరే మిగిలారు. ఒకే కప్పు కింద మరిదీ వదినా అట్లా ఉండడం బాగుండదని, నికా చేసుకొమ్మని, అందులో తప్పేమీ లేదని మౌల్వీ సాబే వచ్చి చెప్పాడు. మహబూబ్‌బీ తలుపు చాటున నిలబడి విన్నది, కాదనలేదు. వలీకి నలభై దగ్గరపడుతున్నాయి. ఆమె చేతి అన్నం తిని ఇన్నేళ్లు బతికాడు. ఆమె కుట్టు మిషను చప్పుడు ఆగిన పూట షెడ్డులో అతనికి పని సాగేది కాదు. తనకు ఇష్టమేనని అతనికి తెలుసు.

అయినా ఆ మాట నోట రాలేదు. ఆమె మనసులో ఉన్న ముర్తుజా వేరు, ఆ ఎండాకాలంలో స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్న ముర్తుజా వేరు. చెప్పి చేసుకుంటే, అన్న మీద నింద వేసి ఆమెను దక్కించుకున్నట్టు. చెప్పకుండా చేసుకుంటే, సత్యమ్మ దోసిట్లో నీళ్లు అందుకున్న మనిషికి జీవితాంతం అబద్ధం చెబుతూ బతకాలి. ఎటూ తేల్చుకోలేక ఆలోచిస్తనన్నాడు. పండుగలు వచ్చిపోయాయి. మౌల్వీ సాబ్ మళ్లీ అడిగాడు. వలీ మళ్లీ ఆలోచిస్తనన్నాడు.

చివరికి మహబూబ్‌బీ అన్నలు వచ్చి, సేడంలో భార్య చనిపోయిన ఒక దర్జీతో నికా ఖాయం చేశారు.

వలీ ఆమె ట్రంకుపెట్టె మోసుకుని స్టేషన్‌కు వచ్చాడు. అన్నలు టికెట్ల కోసం పోయారు. ప్లాట్‌ఫారం మీద ఎండ కాస్తోంది, తాండూరు వైపు పోయే రైలుకు ఇంకా సిగ్నల్ పడలేదు. మహబూబ్‌బీ పెట్టె మీద కూర్చుని అడిగింది.

"నాల ఏమన్న తప్పున్నదా వలీ?"

"లేదు భాబీ."

"మరి?"

అతను పట్టాల వైపు చూశాడు. ఆమె ఇంకాసేపు ఎదురుచూసి, ముసుగు దించుకుంది. రైలు వచ్చింది. పెట్టె లోపల పెట్టి, కిటికీలోంచి నీళ్ల సురాయి అందించి, రైలు కదిలేదాకా నిలబడ్డాడు. తరవాత షెడ్డుకు పోయాడు. గేరుబాక్సు ఊడిపోయిన బస్సు ఒకటి పొద్దటినుంచి అక్కడ ఆగి ఉంది, దాని డ్రైవరు బయట బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. వలీ అతన్ని ఏమీ అడగలేదు. గోనెపట్టా పరుచుకుని బస్సు కిందికి దూరాడు.